నీడలో ఆరబెట్టవలెను

కడప,
14 అక్టోబరు 2024

అత్తా,

వందనాలు. కోపం తగ్గి ఉంటే ఇప్పుడే తీసుకో. తగ్గకపోతే పక్కన పెట్టుకుని, తగ్గాక తీసుకో.

మొన్న ఫోనులో మనిద్దరం కొట్లాడుకున్న సంగతి నాన్నకు తెలిసిపోయింది. నేను చెప్పలేదు, నీ గొంతే ఫోనులోంచి పక్కగదికి వినిపించింది. "మా అక్కా నువ్వూ ఇంక ఫోన్లో మాట్లాడొద్దండి. జాబులు రాసుకోండి. పోస్టులో పొయ్యేలోపల కోపాలు సల్లారతాయి" అని తీర్పు చెప్పాడు. నాన్న తీర్పులు నేనెప్పుడూ వినను గానీ ఇది మాత్రం బాగుందనిపించింది.

ఈ మొదటి జాబు పార్సిలు సంచితో పాటు ఆత్మకూరు బస్సులో వస్తోంది. సంచిలో నువ్వడిగిన, మా ల్యాబులో తయారుచేసిన జీవన ఎరువు ప్యాకెట్లు ఉన్నాయి, మీ చర్చి సంఘంలో శనగ వేసేవాళ్లందరికీ సరిపోతాయి. నీలం దారం కట్టిన ప్యాకెట్టు మాత్రం మామది. "మీ అత్త ప్యాకెట్లో నాకు వాటా వద్దు, నాది నాకు పంపు" అని ఫోన్ చేశాడు. మామతో ఫోను బాగానే సాగుతుంది, అదేమిటో.

లోపలున్న నల్లపొడిని చూసి బొగ్గుపొడి అనుకోవద్దు. అందులో కంటికి కనపడని జీవులు కోట్ల కొద్దీ ఉన్నాయి. ఇవి పప్పుశనగ వేళ్లలో చేరి, చిన్న చిన్న బుడిపెలు కట్టుకుని కాపురం పెడతాయి. గాలిలో ఉన్న నత్రజనిని పట్టుకుని మొక్కకు ఆహారంగా మార్చి ఇస్తాయి. మొక్క బదులుగా వాటికి ఇంత చక్కెర పెడుతుంది. యూరియా ఖర్చు చాలావరకు తప్పుతుంది, నేలా పాడవదు. మీ ఊళ్లో ఇన్నేళ్లూ పత్తీ జొన్నే వేశారు కాబట్టి శనగకు కావలసిన జీవులు ఆ నేలలో ఉండవు. అందుకే ఇక్కడినుంచి పంపించడం.

ఎలా వాడాలో చెబుతాను, అందరికీ చదివి వినిపించు. బెల్లం నీళ్లు కాచి బాగా చల్లార్చాలి. అందులో పొడి కలిపి విత్తనాలకు పట్టించాలి. నీడలో ఆరబెట్టాలి. ఆ రోజే విత్తేయాలి. చీడమందు కలిపిన చేత్తో ముట్టుకోకూడదు. అంతే. నువ్వు ఆదివారం బడి పిల్లలకు వాక్యాలు కంఠస్థం చేయించినట్టు మీ వాళ్ల చేత ఇది కంఠస్థం చేయించు.

ఇంకొక్క మాట. మామ చర్చికి ఎందుకు రాడు? నాకు ఊహ తెలిసినప్పటినుంచీ అడుగుతున్నాను. ఇంట్లో ఎవరూ చెప్పరు. నాన్న అయితే వెంటనే వాన గురించి మాట్లాడతాడు.

నీ కోడలు,
క్రిస్టినా


చింతమానుపల్లె,
22 అక్టోబరు 2024

క్రిస్టినాకు అత్త వ్రాయునది,

వందనాలు తీసుకున్నాను. కోపం ఇంకా కాస్త మిగిలుంది, అది నీ తరువాతి జాబు కోసం దాచిపెట్టాను.

ప్యాకెట్లు చేరాయి. చెడిపోతాయేమోనని నీళ్లకుండ పక్కన, చల్లగా ఉండేచోట పెట్టాను. హనుమంతమ్మ వచ్చి చూసి "ఏందక్కా, కుండ కాడ పండబెట్టినావు, పసిబిడ్డలా?" అంది. ఆమె మా పక్కింటావిడ, ఆమెకు తెలియకుండా మా ఇంట్లో ఈగ కూడా వాలదు. "బిడ్డలే అనుకో" అన్నాను.

ఇప్పుడు అసలు సంగతి విను. మీ మామా నేనూ పందెం వేసుకున్నాం.

ప్రతి ఏడాదీ మా గుడిలో విత్తనాల ప్రార్థన జరుగుతుందని నీకు తెలుసు. విత్తే ఆదివారం ఎవరి విత్తనాలు వాళ్లు గంపల్లో, తాంబాళాల్లో తెచ్చి గుడి ముందర వరసగా పెడతాం. అయ్యగారు ప్రసంగం చేసి, ప్రతి గంప మీదా చెయ్యి పెట్టి ప్రార్థిస్తారు. సాయంత్రానికి గొర్రు కట్టి విత్తేస్తాం. ఆ ఒక్క ఆదివారం పని చేసినా తప్పులేదని మా పెద్దలనాటి ఆనవాయితీ. మీ మామ మాత్రం "నా విత్తనం ఆ గుడి ముందర పెట్టేది ల్యా" అని ఎన్నాళ్లనుంచో మొండికేశాడు. ఈసారి నాకు తిక్క రేగింది. చేను రెండు ముక్కలు చేద్దామన్నాను. తూర్పు ముక్క నాది, ప్రార్థన చేసిన విత్తనం. పడమటి ముక్క ఆయనది, చెయ్యనిది. నాది బాగా పండితే ఆయన కోత పండుగకు గుడికి రావాలి. ఆయనది బాగా పండితే, నేను ఇంకెప్పుడూ "గుడికి రా" అని అడగకూడదు.

ఆయన తల గోక్కుని "ఇంకెప్పుడూనా?" అన్నాడు. "ఇంకెప్పుడూ" అన్నాను. మొగుడు ఇంట్లో ఉండి కూడా ఆదివారం ఒంటరిగా వెళ్లిరావడం ఎలా ఉంటుందో నీకిప్పుడే అర్థం కాదులే. నాకు ఈ భూమ్మీద కావలసింది ఒక్కటే, ఆయన వచ్చి ఆ మగవాళ్ల వరసలో ఎక్కడో ఒకచోట కూర్చోవడం.

నువ్వు చెప్పినట్టే అక్షరం తప్పకుండా చేశాం. తెల్లవారకముందే లేచి బెల్లం నీళ్లు కాచాను, చల్లార్చాను, పట్టించాను. విత్తనాలన్నీ కాటుక పూసుకున్నట్టు తయారయ్యాయి. వసారా నీడలో చక్కగా ఆరాయి. సంఘంలో అందరూ అలాగే చేశారు, నేను ఇల్లిల్లూ తిరిగి చూసుకున్నాను. ఆరిన విత్తనాలను గంపలకూ తాంబాళాలకూ ఎత్తి గుడికి తీసుకెళ్లాం. మా కొత్త అయ్యగారు లేవిగారు వచ్చి రెండేళ్లయినా కొత్తదనం తగ్గలేదు. విత్తనాల మీద ప్రసంగం మొదలుపెట్టి, విత్తనం మొలిచి, పెరిగి, పూసి, కాసి, కోతకొచ్చేదాకా ఆపలేదు. ఎండకు నా నెత్తి మాడిపోయింది. అయినా మంచి ప్రసంగం.

మీ మామ ఆ సమయానికి ఇంట్లో గుర్రుపెట్టి నిద్రపోయాడు. మధ్యాహ్నం లేచి, నీలం దారం తెంపి, గొడ్లుండే గాటిపాకలో కూచుని విత్తనానికి పట్టించి, పొద్దు వాలగానే గొర్రు కట్టాడు. ఇద్దరివీ ఒకే సాయంత్రం పడ్డాయి.

ఆయన గుడికి ఎందుకు రాడని అడిగావు. అదొక మాను దగ్గర మొదలైన గొడవ. ఇంకోసారి రాస్తాను.

నీ అత్త,
జ్ఞానమణి


కడప,
5 నవంబరు 2024

పందేలు కాసే అత్తకు,

నీ జాబు మా ల్యాబులో శివలీల మేడంకు చదివి వినిపించాను. ఆమె మాకు పెద్ద, ఎప్పుడూ నవ్వదు. నవ్వింది. తరువాత "ఇద్దరికీ ఒకే బ్యాచ్ పంపావా?" అని అడిగింది. ఒకటే అన్నాను. "మరి రెండు ముక్కలూ ఒకేలా పండుతాయి, పందెం ఎటూ తేలదు" అంది.

నిజమే కదా అత్తా. రెండూ ఒక్కటే సరుకు, ఒకే చేను, ఒకే రోజు. సమానంగా పండితే ఏం చేస్తారు? మామ గుడి గేటు దాకా వచ్చి వెనక్కి పోవాలా?

నన్నడిగితే నేను మామ పక్షం. ఆయన నాకు చిన్నప్పుడు వేరుశనగ బుడ్డలు వేయించి పెట్టాడు, నువ్వు ఎక్కాలు అప్పజెప్పించావు. గెలిస్తే ఆయనే గెలవాలి.

మొలిచి నెల దాటాక రెండు ముక్కల్లోనూ ఒక్కో మొక్కను తవ్వి, మెల్లగా మట్టి దులిపి వేళ్లు చూడు. పీకొద్దు, పీకితే బుడిపెలు నేలలోనే తెగిపోతాయి. బుడిపెను గోటితో చీల్చు. లోపల లేత ఎరుపుగా ఉంటే మన జీవులు పనిలో ఉన్నట్టు.

ఆ మాను కథ రాయకుండా ఎగ్గొట్టావు, నేను మరిచిపోలేదు.

క్రిస్టినా


చింతమానుపల్లె,
27 నవంబరు 2024

క్రిస్టినాకు,

ఈ జాబు ఎట్లా మొదలుపెట్టాలో తెలియక రెండు కాగితాలు చించేశాను.

నా ముక్క పసుపుపచ్చగా అయిపోయింది. మీ మామ ముక్క నల్లగా నిగనిగలాడుతోంది, అంత పచ్చదనం. మధ్యలో గట్టు మీద నిలబడి చూస్తే ఎవరో గీత గీసి రెండు రంగులు వేసినట్టుంది. నా ఒక్కదానిదే అయితే పోనీలే అనుకునేదాన్ని. ప్రార్థనకు పెట్టిన ప్రతి ఒక్కరి చేనూ ఇంతే. మా సంఘం సెక్రటరీ ఏసుకుమారుది మరీ పాలిపోయింది. సంఘం మొత్తం మీద గుడికి రాని ఒకే ఒక్క మనిషి చేను మాత్రం కళకళలాడుతోంది.

ఊళ్లో ఏమనుకుంటారో నువ్వే ఊహించు. హనుమంతమ్మ గట్టు మీద నిలబడి, నడుం మీద చెయ్యి పెట్టుకుని "ఏమక్కా, మీ దేవునికి శనగలంటే పడదా?" అని అడిగింది. మంచిదే పాపం, ఎగతాళికి కాదు, నిజంగానే అడిగింది.  అయ్యగారికి తిండి సయించడం లేదు, తన ప్రార్థనలోనే ఏదో లోపముందని ఉపవాసం పెట్టుకున్నారు. అసలే సన్నటి మనిషి.

మీ మామ ఒక్క మాట అనడం లేదు. అంటే బాగుండేది. గడ్డం గీసుకుంటూ కూనిరాగం తీస్తున్నాడు, అంతే. ఆ కూనిరాగం నా గుండెల్లో గుచ్చుకుంటోంది.

ఇప్పుడు నిన్నొకటి అడుగుతాను, నిజం చెప్పు. ఆ నీలం దారం ప్యాకెట్టులో ఏముంది? "నేను మామ పక్షం, గెలిస్తే ఆయనే గెలవాలి" అని నువ్వే రాశావు. మంచి సరుకు ఆయనకిచ్చి, చప్పటిది మాకు పంపావా? బుడ్డలు వేయించి పెట్టినందుకు ఇంత చేస్తావా? సంఘమంతా నా మాట నమ్మి వాడారు. వాళ్ల మొహాలు ఎట్లా చూడాలి?

జ్ఞానమణి


కడప,
4 డిసెంబరు 2024

అత్తా,

నాన్న చెప్పింది అబద్ధం. కోపం పోస్టులో చల్లారదు. మీ ఊరినుంచి ఇక్కడికి వచ్చేసరికి ఇంకా వేడెక్కింది.

నేను నీకు చప్పటి సరుకు పంపుతానా? ఆ బ్యాచ్ నా చేతులతో తయారుచేసింది. దారం రంగు వేరు, లోపలిది ఒక్కటే. నీ జాబు చదివి ఏడ్చాను, తరువాత ఏడుపు ఆపుకుని ల్యాబుకెళ్లి, అదే బ్యాచ్‌లో మేము దాచిపెట్టిన ప్యాకెట్టు తీసి పరీక్ష పెట్టాను. మేడం కూడా చూసింది. జీవులు నిక్షేపంగా ఉన్నాయి, ఒక్కొక్కటీ కొట్లాటకు సిద్ధంగా ఉన్నాయి, అచ్చం నీలాగా.

కాబట్టి తప్పు నా దగ్గర జరగలేదు. మీ దగ్గరే జరిగింది. నిజం చెప్పు అత్తా, విత్తనానికి ఎండుతెగులు మందు కలిపారా? ఆ ఎర్రమందు పట్టించిన విత్తనం మీద మన జీవులు బతకవు. లేకపోతే అయ్యగారు ప్రార్థనలో నూనె ఏమైనా చిలకరించారా? బెల్లం నీళ్లు వేడిగా ఉండగానే కలిపారా? "అక్షరం తప్పకుండా చేశాం" అని నువ్వు రాస్తే నేను నమ్మాలనే ఉంది. కానీ నువ్వు పప్పులో ఉప్పు కూడా చెప్పినంత వేయవు, నీ చేతికి తోచినంత వేస్తావు.

వేళ్లు చూడమన్నాను, చూశావా? దాని గురించి ఒక్క ముక్క రాయలేదు.

క్రిస్టినా


చింతమానుపల్లె,
11 డిసెంబరు 2024

కుమారి క్రిస్టినా గారికి,

తమరి జాబు అందినది. ఎర్రమందు కలపలేదు. నూనె చిలకరించలేదు. బెల్లం నీళ్లు చల్లారినవి. ఉప్పు సంగతి మీ నాన్నను అడుగవలెను, చిన్నప్పుడు నేను వండి పెడితేనే తిన్నాడు.

వేళ్లు చూసితిమి. నా మొక్కకు వేళ్లు తప్ప ఏమియు లేవు. మీ మామ మొక్కకు పూసల గుత్తులవలె బుడిపెలు ఉన్నవి. గోటితో చీల్చగా లోపల ఎరుపు ఉన్నది.

ఇంతటితో ముగిస్తున్నాను.

ముగించాలనే అనుకున్నాను. కవరు అంటించడానికి జిగురు వెతుకుతుంటే మీ మామ వచ్చి పక్కన కూచున్నాడు. "పాపకు రాస్తాండావా? కొట్లాడబాక. ఆ పిల్ల తప్పేం లేదు" అన్నాడు. "అయితే ఎవరిది తప్పు?" అన్నాను. "నాకేం తెల్సు. పందెం గెలిస్తే సంతోసంగా ఉంటాదనుకున్న్యా. ల్యా" అని లేచిపోయాడు. ఆ మాట విన్నాక నీ మీద కోపం ఎటు పోయిందో తెలియదు. ఆయనకూ బాధగానే ఉంది, పిల్లా. తన చేను పచ్చగా ఉండి ఊరంతా పాలిపోతే ఏ రైతుకు బాగుంటుంది?

నువ్వడిగిన మాను కథ రాస్తాను. ఇన్నాళ్లూ ఎందుకు రాయలేదంటే, రాస్తే ఆయన వైపే న్యాయం ఉన్నట్టు కనిపిస్తుంది, అందుకు.

గుడి ముందర ఒక పెద్ద కానుగ మాను ఉండేది. మీ మామ వాళ్ల నాయన నాటింది. నువ్వు నడక కూడా రాని పిల్లవి అప్పుడు. వేసవిలో కూడా దాని కింద చీకటిగా ఉండేది, అంత నీడ. విత్తనాల ప్రార్థన దాని కిందే జరిగేది. తరువాత గుడికి ఆర్చి కట్టాలన్నారు, ముందంతా సిమెంటు గచ్చు చెయ్యాలన్నారు. ఏసుకుమారు అప్పుడూ సెక్రటరీయే. మీ మామ పెద్దల కాళ్లావేళ్లా పడ్డాడు. "ఆర్చి రొంత పక్కకు జరపండప్పా, మాను జరగల్యాదు గదా" అన్నాడు. ఎవరూ వినలేదు. నేను కూడా ఆర్చి బాగుంటుందనే అన్నాను. మాను కొట్టేసిన రోజునుంచి ఆయన ఆ గేటు దాటలేదు.

ఆర్చి బాగానే ఉంది. గచ్చు మీద మాత్రం ఎండపొద్దు చెప్పుల్లేకుండా నిలబడలేం, ఈ కాలంలో కూడా కాలుతుంది. మొన్న విత్తనాల గంపలు దాని మీదే పెట్టాం కదా, ప్రసంగం అయిపోయేసరికి నా ఇత్తడి తాంబాళం పట్టుకోవడానికి కొంగు కావలసి వచ్చింది.

సరే, ఇదీ కథ. ఇప్పుడు నువ్వు ఇంకా గట్టిగా మామ పక్షం అవుతావు.

నీ అత్త


కడప,
16 డిసెంబరు 2024

అత్తా! అత్తా! అత్తా!

తాంబాళం! కొంగు! గచ్చు!

అంతా అక్కడే ఉంది, నువ్వే రాశావు, నీ మొదటి జాబులోనే నేను పట్టుకోలేకపోయాను. "ఎండకు నా నెత్తి మాడిపోయింది" అని అక్టోబరులోనే రాశావు. నీ నెత్తే మాడితే, కంటికి కనపడని ఆ జీవుల గతేమిటి? వాటికి ఎండే యముడు. విత్తనం పైన పలచటి పూతలో ఉంటాయి, తలదాచుకోవడానికి ఏమీ ఉండదు. నీడలో ఆరబెట్టమన్నాను, నువ్వు ఆరబెట్టావు. ఆరిపోయాయి కదా, ఇంక నీడ ఎందుకని ఎవరైనా అనుకుంటారు. విత్తేదాకా నీడలోనే ఉంచాలని నేను రాయలేదు. మండే గచ్చు మీద, కాలే ఇత్తడిలో, విత్తనం మొలిచి కోతకొచ్చేదాకా సాగిన ప్రసంగం! అయ్యగారు ఆమెన్ అనే సమయానికి నేను పంపిన జీవుల్లో బతికి ఉన్నవి ఎన్నో దేవుడికే తెలియాలి.

మామ గాటిపాకలో పట్టించాడు, పొద్దు వాలాక విత్తాడు. అంతే తేడా.

కాబట్టి నా ప్యాకెట్టు తప్పు లేదు, నీ చెయ్యి తప్పు లేదు, ప్రార్థన తప్పు అసలే లేదు. అయ్యగారిని అన్నం తినమని చెప్పు. మీ సంఘం విత్తనాలకు కావలసింది ఆ కానుగ నీడ. ఇన్నేళ్లూ పూత లేని ఉత్త విత్తనాలు కాబట్టి ఆ ఎండ లెక్కలోకి రాలేదు.

ఇంత ఆలస్యంగా బుడిపెలు కట్టడం కష్టం. పసుపు తిరిగిన చేలకు కాస్త యూరియా నీళ్లలో కలిపి ఆకుల మీద పిచికారీ చేయండి. మోతాదు చీటీ మీద రాసి జతపరిచాను. పూర్తిగా మామ చేనులా కాకపోయినా పంట చేతికొస్తుంది.

ఇప్పుడు కష్టమైన మాట. ఈ సంగతి నువ్వు బయటికి చెబితే పందెం మామ గెలిచినట్టు తేలిపోతుంది. అంతేకాదు, మాను కొట్టెయ్యడం తప్పని పెద్దలందరి ముందూ చెప్పినట్టవుతుంది, అందులో నువ్వూ ఉన్నావు. చెప్పకపోతే, ప్రార్థన వల్లే పంట చెడిందని ఊరు అనుకుంటూనే ఉంటుంది. నువ్వు వద్దంటే నేను ఎవరికీ చెప్పను, నాన్నకు కూడా. నీ ఇష్టం.

నిన్ను అనుమానించినందుకు క్షమించు. ఉప్పు విషయంలో మాత్రం మాట వెనక్కి తీసుకోను.

నీ క్రిస్టినా


చింతమానుపల్లె,
30 డిసెంబరు 2024

బంగారు కోడలికి,

చెప్పేశాను.

ఏడాది చివరి ఆదివారం మా గుడిలో సాక్ష్యాలు చెప్పుకుంటాం. జ్వరం తగ్గిందని ఒకరు, ఎనుము ఈనిందని ఒకరు. నిన్న నా వంతు వచ్చింది. నీ జాబు చేతిలో పట్టుకుని లేచాను.  ఆదివారం బడిలో ఎన్నేళ్లు పాఠాలు చెప్పినా పెద్దవాళ్ల ముందు చదవడం వేరు. నీ జాబులో ప్యాకెట్ల సంగతి అంతా చదివాను. అయ్యగారి ప్రసంగం గురించి రాసిన ముక్క మింగేద్దామనుకున్నాను గానీ చదివే ఊపులో అదీ చదివేశాను. తరువాత "ఈడ మాను ఉండింటే మన విత్తనం సచ్చేది గాదు. మా ఆయన చెప్పినాడు, మనం ఇనల్యా. నేనూ ఇనల్యా" అన్నాను. కూచున్నాను.

 ఏసుకుమారు నేల చూపులు చూశాడు. ఇక్కడొక మాను ఉండేదని అయ్యగారికి తెలియనే తెలియదట. ఆయన కిటికీలోంచి గచ్చు వైపు చూసి "వచ్చే ఏడాది నుంచి విత్తనాల ప్రసంగం చిన్నగా చేస్తాను" అన్నారు. ఆయన ఏ ప్రసంగానికీ రానంత గట్టిగా ఆమెన్ వచ్చింది. ఆ మధ్యాహ్నం మా ఇంట్లోనే అన్నం తిన్నారు, రెండుసార్లు అడిగి వేయించుకున్నారు.

పిచికారీ చేశాం, కొత్త ఆకులు పచ్చగా వస్తున్నాయి.

సాయంత్రం మీ మామకు ఎదురుగా కూచుని చెప్పాను. "పందెం నువ్వు గెలిచినావు. ఇంక నిన్ను గుడికి రమ్మని అడగను."  ఆయన ఏదో అంటాడనుకున్నాను. "సరే" అన్నాడు. అంతే. గొడ్లకు నీళ్లు పెట్టడానికి వెళ్లాడు. నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను, క్రిస్టినా. ఇన్నాళ్లూ ఆదివారం పొద్దున "వస్తావా?" అని అడగడమే నాకు మిగిలిన ఆశ. ఇప్పుడు అదీ పోయింది. నోరు మూసుకుని చీర కట్టుకుని వెళ్లాలి.

ఏడుపు రాతలు రాశాననుకోవద్దు. కొత్త సంవత్సరం నీకు మేలు కలగాలి.

అత్త


కడప,
8 జనవరి 2025

అత్తా,

నీ జాబు చదివి నాన్న మొదటిసారి వాన గురించి మాట్లాడకుండా కూచున్నాడు. "మా అక్క గట్టిది" అన్నాడు.

శివలీల మేడం మా ప్యాకెట్ల మీద ఒక మాట చేర్పించింది. "నీడలో ఆరబెట్టవలెను" అని ఉన్నచోట ఇప్పుడు "విత్తేవరకు నీడలోనే ఉంచవలెను" అని కూడా అచ్చవుతుంది. నీ ఇత్తడి తాంబాళం పుణ్యమే.

మామ ఫోన్ చేశాడు. ఒక సంగతి అడిగాడు, నేను చెప్పాను, ఒకటి పంపమన్నాడు, పంపాను. ఏమిటో నీకు చెప్పొద్దన్నాడు. నువ్వు జాబులో ఎంత తిట్టినా చెప్పను. దిగులు పెట్టుకోవద్దు.

క్రిస్టినా


చింతమానుపల్లె,
17 ఫిబ్రవరి 2025

క్రిస్టినా, నా తల్లీ,

నువ్వు చెప్పకుండా దాచినందుకు నెల రోజులుగా తిట్టుకుంటూనే ఉన్నాను. ఎరువుల కొట్టుకు రహస్యంగా వచ్చిన పార్సిలు చూసి, వచ్చే ఏడాది నన్ను ఇంకా చిత్తుగా ఓడించడానికి ఏదో కొత్త మందు తెప్పించుకున్నాడనుకున్నాను. హనుమంతమ్మ కూడా అదే అంది.

శనగ కోతలయ్యాయి. మీ మామది విరగపండింది. మాది ఫరవాలేదు, తిని విత్తనానికి మిగిలింది. నిన్న కోత పండుగ.

మొన్న శనివారం పొద్దున్నే మీ మామ గడ్డపార భుజాన వేసుకుని పోయాడు. చేనికనుకున్నాను. కాసేపటికి అమ్మగారు, అదే అయ్యగారి భార్య, పరుగున వచ్చి "అక్కా, బాలస్వామన్న గుడికాడ గచ్చు పగలగొడతాండాడు" అంది.  కొంగు బిగించి పరుగెత్తాను. నిజమే. మీ మామే, ఆర్చి పక్కన, పాత మాను ఉన్న చోట, చెమటలు కక్కుతూ గచ్చు పగలగొడుతున్నాడు. ఏసుకుమారు ఎదురుగా నిలబడి ఉన్నాడు. ఇంక కొట్లాటే అనుకున్నాను.

మీ మామ గడ్డపార ఆపి "ఏమప్పా, అట్లా సూస్తాండావు? నేను గుడికి రాల్యా. వచ్చే ఏడు విత్తనాలు ఎండకు సావకూడదని వచ్చినా" అన్నాడు. ఏసుకుమారు వంగి, పగిలిన గచ్చు పెళ్లలు గంపకెత్తడం మొదలుపెట్టాడు. అయ్యగారు తన తెల్ల చొక్కా చేతులు మడిచి రెండో గంప పట్టారు.

గుంత అయ్యాక మీ మామ గాటిపాకలోంచి ఒక కానుగ మొక్క తెచ్చాడు. ఎప్పుడు తెచ్చి దాచాడో, నాకు తెలియదు. జేబులోంచి నీ నల్లపొడి ప్యాకెట్టు తీశాడు. కానుగ కూడా శనగ వంశమేనట కదా, దాని వేళ్లకూ బుడిపెలు కడతాయట కదా, నువ్వు చెప్పావట. "దీనికి వేరే రకం పొడి. పాప పంపింది. ఎండ తగలనీయబాకండి" అని అందరినీ అదిలించి, తన తలగుడ్డ నీడలో పట్టుకుని వేరుకు పట్టించాడు. అది మొక్క, పెద్దయ్యేదాకా విత్తనాలకు నీడ కావాలి కదా, అందుకని నాలుగు గుంజలు పాతి బోదగడ్డితో పందిరి కూడా వేశాడు. సాయంత్రానికి సంఘంలో సగం మంది చెయ్యి వేశారు.

నేను ఒక్క మాట అడగలేదు. మాట ఇచ్చానుగా.

నిన్న పొద్దున స్నానం చేసి, చీర కట్టుకుని, కోత పండుగకు శనగల గంప ఎత్తుకున్నాను. ఆయన మంచం మీద పడుకుని పైకప్పు చూస్తున్నాడు. నోటి చివరిదాకా వచ్చింది, "వస్తావా?" అని. పెదవి కొరుక్కుని బయటికి నడిచాను. గంప పందిరి కింద పెట్టి, లోపలికెళ్లి ఆడవాళ్ల వరసలో కూచున్నాను.

రెండో పాట మొదలైంది. వెనకాల మగవాళ్ల వైపు, తలుపు దగ్గరి వరసలోంచి ఒక గొంతు లేచింది. పాట ఒకచోట ఉంటే ఆ గొంతు ఇంకోచోట ఉంది. ఆ కూనిరాగం తెలియనిదా నాకు? అందరూ తిరిగి చూశారు. హనుమంతమ్మ కూడా గేటు బయట నిలబడి తొంగి చూసిందట.

నేను మాత్రం తిరిగి చూడలేదు. చూస్తే అడిగినట్టవుతుంది కదా.

నీ అత్త,
జ్ఞానమణి